విస్తరి ముందు ధ్యానం

ఇది ఒక మహాకావ్యం. ఇందులో ఒక మనిషి తన నాలుకతోనే యుద్ధానికి దిగుతాడు. అడవులుంటాయి, గుహలుంటాయి, ఘోరమైన తపస్సు ఉంటుంది. చివర్లో ఇంద్రియాలన్నీ వరుసగా వచ్చి ఆయన కాళ్ల మీద పడతాయి.

అని మొదలుపెడదామనుకున్నాను. కానీ మా కాలనీవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి నిజం చెప్పక తప్పదు. అడవి లేదు. ఎల్బీ నగర్ చౌరస్తా దాటాక ద్రాక్షతోటలు కొట్టేసి పాతిన హద్దురాళ్లున్నాయి. గుహ లేదు. సగం కట్టిన ఇంట్లో స్లాబు కింద సెంట్రింగు కర్రలున్నాయి. ఇంద్రియాలేవీ ఎవరి కాళ్ల మీదా పడలేదు. అసలు ఇది రెండు కాళ్ల కథ కూడా కాదు. ఒక కాలిది. అందులోనూ ఒక వేలిది. మా నాయన కుడికాలి బొటనవేలు.

మాది పోచంపల్లి పక్కన ఊరు. పెళ్లయిన కొత్తలో కూడా నాయన మగ్గం గుంటలోనే కూర్చున్నాడు. తర్వాత, నేసేవాళ్లకన్నా అమ్మేవాళ్లు కాస్త నిటారుగా నడుస్తున్నారని గమనించి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మడిగ కిరాయికి తీసుకుని బట్టల దుకాణం పెట్టాడు. ఎల్బీ నగర్ అవతల ప్లాటు కొని రెండు గదులు వేశాడు. మేం దిగిన రోజున మా వీధిలో ఇల్లంటే మాదే. మిగతావన్నీ నంబర్లు. ఎవరైనా చుట్టాలొస్తే, "ఎదురింటోళ్లు ఎవరు?" అని అడిగేవారు. "నలభై రెండు," అనేవాళ్లం.

ఆ నంబర్లు చూస్తుండగానే ఇళ్లయ్యాయి. ఇటు చుట్టుపక్కల ఊళ్ల భూములవాళ్లు, అటు కృష్ణా, గుంటూరు నుంచి వచ్చిన ఉద్యోగస్తులు పోటీపడి కట్టారు. ఇల్లు కట్టడమంటే ఇటుక, సిమెంటు, ఇసుక అని బయటివాళ్లనుకుంటారు. కాదు, తిండి. ముగ్గు పోసిన రోజు లడ్డూలు. దర్వాజ నిలబెట్టిన రోజు పులిహోర, పూర్ణాలు. స్లాబు పోసిన రోజు మేస్త్రీలకూ కూలీలకూ ఇరుగుపొరుగుకూ కలిపి బగార అన్నం, మటన్. ఇక గృహప్రవేశమంటే బంతి భోజనం. ఒక్కో ఇంటికి ఇన్ని. వీధినిండా ఇళ్లు. కాలనీ నిండా వీధులు.

ఈ సందర్భాలన్నింట్లోనూ బట్టలు పెట్టే ఆనవాయితీ ఉంది. మేస్త్రీకి పంచె, వడ్రంగికి తువ్వాలు, ఇంటావిడకు చీర, అల్లుడుంటే అల్లుడికి ప్యాంటు గుడ్డ. అవన్నీ మా దుకాణం నుంచే పోయేవి, నాయనే స్వయంగా మోసుకెళ్లి ఇచ్చేవాడు. బట్టలు తెచ్చిన మనిషి తినకుండా పోతే ఇంటికి మంచిది కాదని వాళ్లు, దుకాణానికి మంచిది కాదని నాయన. అంచేత తినడం ఆయనకు వ్యసనం కాదు, వ్యాపారం. వ్యసనమైతే మానిపించవచ్చు.

అలాంటి ఒక గృహప్రవేశానికి పోతూ నాయన దిల్‌సుఖ్‌నగర్‌లో కొత్త తోలు చెప్పులు కొన్నాడు.

"బిర్రుగ లేవా నాయినా?" అన్నాను.

"తోలు గదరా, సాగుతది."

బొటనవేలు దూరే చోట చర్మం కొంచెం లేచింది. నాయన పట్టించుకోలేదు. పసుపు పెట్టాడు. మానలేదు. ఇంకో రకం పసుపు పెట్టాడు. అదీ పనిచేయకపోయేసరికి అమ్మ ఆయన్ను దుకాణానికి ఎదురుగా ఉన్న డాక్టరు దగ్గరికి నడిపించింది. నేనూ వెంట పోయాను. డిగ్రీ తప్పి ఖాళీగా ఉన్నవాణ్ని, ఎవరు ఎక్కడికి పోయినా వెంట పోయేవాణ్ని.

డాక్టరు రక్తపరీక్ష కాగితం చూసి కళ్లజోడు తీశాడు. కళ్లజోడు తీసే డాక్టర్లంటే నాకు అప్పట్నుంచీ భయం.

"షుగరు బాగ పెరిగింది. ఇది తగ్గకుంటే పుండు మానదు. పుండు మానకుంటే వేలు తీసెయ్యాల్సొస్తది."

"ఏ వేలు సారు?" అన్నాడు నాయన, చాయిస్ ఉందేమోనన్నట్టు.

"ఇంక తొమ్మిది మిగుల్తయి గద నాయినా," అన్నాను నేను, గదిలో గాలి కాస్త తేలిక చేద్దామని.

అమ్మ నావైపు చూసిన చూపుకు నాకూ ఎక్కడో ఒక వేలు తగ్గినట్టనిపించింది.

ఆ సాయంత్రం నాయన గడప మీద కూర్చుని వేలినే చూస్తూ ఉండిపోయాడు. మగ్గం గుంటలో పలకను తొక్కితేనే నూలు పైకీ కిందికీ విడుతుంది. ఆ తొక్కుడంతా ఆ వేలిదే. నేను పక్కన కూర్చుంటే ఆయన మెల్లగా అన్నాడు: "మా నాయినకు గిట్లనే మొదలైందిరా. గింతంత పుండు. మోకాలు దాంక తీసేసిన్రు. ఇగ మగ్గం ఎక్కలే."

నేను పుట్టకముందే పోయిన తాతకు కర్ర ఉండేదని నాకు తెలుసు. ఎందుకుండేదో నాకెవరూ చెప్పలేదు. జోకు కోసం వెతికాను. దొరకలేదు. లోపలికి పోయి నీళ్లు తెచ్చిచ్చాను.

మర్నాటి నుంచి అమ్మ ప్రభుత్వం వచ్చింది. మాత్రలు ఆమె చేతి మీదుగానే. చక్కెర డబ్బాను బియ్యం డ్రమ్ములో పాతిపెట్టింది. నాయన చాట పట్టుకుని డ్రమ్ము దగ్గర కూర్చుని, "జర రాళ్లేరుతా తియ్," అన్నాడు. పెళ్లయ్యాక ఆయన రాళ్లేరతాననడం అదే మొదటిసారి కాబట్టి వెంటనే దొరికిపోయాడు.

"వేలు కావాల్నా, చక్కెర కావాల్నా?" అంది అమ్మ.

"రెండూ," అన్నాడు నాయన. నిజాయితీపరుడు.

ఇలా లాభం లేదని అమ్మ ఎదురింటి నలభై రెండు సహాయం కోరింది. ఆ ప్లాటులో ఒక లెక్కల మాస్టారు ఇల్లు కట్టుకుంటున్నారు. గుడివాడ వైపు నుంచి రిటైరై వచ్చి, పక్క వీధిలో అద్దెకుంటూ, పొద్దున్నే పని చూసుకోవడానికి వచ్చేవారు. పనివాళ్లు వచ్చేలోగా స్లాబు కింద కూర్చుని ధ్యానం చేసేవారు. ఆసక్తి ఉన్నవాళ్లకు నేర్పేవారు కూడా.

"ధ్యానంతో కాఫీ పూర్తిగా మానేశానండీ," అన్నారు మొదటిరోజు, మమ్మల్ని కూర్చోబెడుతూ.

"మరి పొద్దున్నే ఏం తాగుతరు సారు?" అన్నాను.

"టీ."

నాయనకు ఆయన మీద అప్పుడే గురి కుదిరింది. నెగ్గగలిగిన యుద్ధంలా కనబడింది.

నన్ను పంపింది ధ్యానానికి కాదు, కాపలాకు. కానీ అక్కడ కళ్లు తెరుచుకుని కూర్చునేవాడు బాగుండడు కాబట్టి నేనూ మూసుకునేవాణ్ని. చుట్టూ సెంట్రింగు కర్రలు. ఒక్కొక్కరికి ఒక్కో కర్ర, ఆనుకోవడానికి. పైన స్లాబు మీద మట్టిగట్లు కట్టి నీళ్లు నింపారు. ధ్యానంలో నెత్తిన చల్లగా ఏదైనా దిగితే అది అనుగ్రహం కాదు, క్యూరింగ్ నీళ్లు. నాయన పక్కన కూర్చునే పోస్టాఫీసు గుమాస్తా మాత్రం అనుగ్రహమనే ఇంటికి పోయి చెప్పుకున్నాడు. మేమెవరం కాదనలేదు.

ఒకరోజు మాస్టారు అందరి అరచేతుల్లోనూ చిన్న బెల్లం ముక్క పెట్టారు.

"తినకూడదు. కళ్లు మూసుకుని, తినాలనే కోరిక ఎక్కడ పుడుతోందో చూడండి. అది వస్తుంది, కాసేపుంటుంది, దానంతటదే పోతుంది. మీరు దాన్ని తరమక్కర్లేదు. చూస్తూ ఉండండి, అంతే."

ఎల్బీ నగర్ రోడ్డు మీద లారీల హారన్లు.

"కోరిక వచ్చిందాండీ?" అన్నారు నాయనను.

"వచ్చింది సారు."

"ఇంకా ఉందా?"

"లేదు సారు. పోయింది."

మాస్టారు ఆనందంతో కళ్లు తెరిచారు. "చూశారా! ఎలా పోయింది?"

"బెల్లం తిన్నంక పోయింది సారు."

మాస్టారు లెక్కలు చెప్పినవారు కాబట్టి తప్పు సమాధానాలకు అలవాటుపడ్డ మనిషి. కోప్పడలేదు. తేలికైన పద్ధతి చెప్పారు. ఏది తినేముందైనా సరే, కళ్లు మూసుకోవాలి. చేతులు ఒళ్లో పెట్టుకోవాలి. నిదానంగా ఊపిరి చూసుకుని, తనను తాను ఒక్కటే ప్రశ్న అడగాలి: ఇది ఆకలా, నాలుకా? జవాబు వచ్చేదాకా ముద్ద ఎత్తకూడదు.

నాయన దీన్ని ప్రాణంగా పట్టుకున్నాడు. ఇంట్లో బాగానే నడిచింది. ఆయన కళ్లు మూసుకుంటే అమ్మ కూడా ఆగేది. కళ్లు తెరిచేసరికి కంచంలో అన్నం అంతే ఉండేది, అప్పుడప్పుడూ అమ్మ కొంచెం తీసేయడం వల్ల ఇంకాస్త తక్కువే ఉండేది.

తర్వాత పక్క వీధిలో ఒక గుంటూరు ఉద్యోగి గృహప్రవేశం వచ్చింది.

బట్టల మూట ఇచ్చి, నాయనా నేనూ బంతిలో కూర్చున్నాం. అరటాకులు. నాయన చెప్పులు విప్పి, మఠం వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కళ్లు మూశాడు. ముఖంలో గొప్ప ప్రశాంతత. ఇక్కడే మేం ఎవరం ఊహించని సంగతి ఒకటి జరిగింది. ఆ వైపు వాళ్ల వడ్డనకు ఒక పద్ధతుంది. తినేవాడు రెండు చేతులూ ఆకు మీద అడ్డంపెట్టి, "చాలండీ, బాబోయ్, చాలు," అని బతిమాలేదాకా వడ్డిస్తూనే ఉంటారు. బతిమాలలేదంటే ఇంకా ఆకలితో ఉన్నాడని, లేదా మొహమాటపడుతున్నాడని అర్థం. చేతులు ఒళ్లో పెట్టుకుని, నోరు మూసుకుని, కళ్లు కూడా మూసుకుని కూర్చున్న అంత మొహమాటస్తుడు వాళ్ల చరిత్రలోనే కనబడి ఉండడు.

"అయ్యో, పెద్దాయన అడగలేకపోతున్నారు. ఇంకో రెండు బూరెలు వెయ్యవోయ్!" అని వెనకనుంచి కేక వినబడింది. చూద్దును కదా, మా మాస్టారే. ఇంటాయన ఆయనకు దూరపు చుట్టం. ఆ పూట ఆయన ధ్యానగురువు కాదు, వడ్డన పెద్ద. భుజాన తువ్వాలు, చేతిలో నేతిగిన్నె.

"బూరెకు చిల్లు పెట్టి నెయ్యి పోయండి. చూస్తే వద్దంటారు. ఇప్పుడే పోసెయ్యండి."

"నాయినా, కండ్లు తెరువు," అని గొణిగాను.

"ఆగురా," అన్నాడు పెదవులు కదపకుండా. "ఇంక నాలుకనే మాట్లాడుతున్నది. ఆకలి దాంక రాలే."

పులిహోర వచ్చింది. చక్రపొంగలి వచ్చింది. ఆవడలు వచ్చాయి. జవాబు మాత్రం రాలేదు. నాయన కళ్లు తెరిచేసరికి ఆకు కనబడటం లేదు.

"గిదంత ఎవలదిరా?"

"నీదే. తపఃఫలం."

వదిలేసి లేవడానికి వీల్లేదు. బట్టలాయనకు మా వంట నచ్చలేదట అన్న మాట ఆ వీధి చివరికి చేరడానికి మనిషి నడిచేంత సేపు కూడా పట్టదు. నాయన ఒక్కొక్క బూరెనూ ఎంతో ఎరుకతో, శ్వాస మీద ధ్యాస చెదరకుండా, పూర్తిగా తిన్నాడు.

ఆ నెల మంచి ముహూర్తాల నెల. మళ్లీ పరీక్షకు పోతే డాక్టరు కాగితం చూసి కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్లీ తీశాడు.

"ఏం చేస్తున్నరు మీరు?"

"ధ్యానం సారు. ఒక్కపూట ఇడువలే."

"ఎప్పుడు చేస్తరు?"

"తినేముందు."

"ధ్యానం చెయ్యనోళ్లకు కూడ ఇంత పెరగలేదు," అన్నాడు డాక్టరు. తర్వాత నవ్వకుండా చెప్పాడు: "ఇంకొక్క నెల చూస్త. గిట్లనే ఉంటే పెద్ద దవాఖానకు రాసిస్త. ఇగ వాళ్ల చేతుల్లనే ఉంటది."

బస్టాపుకు బయల్దేరాం. మిరపకాయ బజ్జీల బండి పక్కనుంచే నడిచాం. బండివాడు పిలిచాడు కూడా. నాయన తల తిప్పలేదు. నాకు భయం వేసింది అప్పుడే. బజ్జీ బండిని చూడని మా నాయనను నేను అంతకుముందు చూడలేదు.

సాయంత్రం మాస్టారి దగ్గరికి నేనొక్కణ్నే పోయి జరిగింది చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది. "బూరెలు వెయ్యమన్నది నేనే కదయ్యా," అన్నారు. "పొద్దున వద్దని చెబుతాను, మధ్యాహ్నం వడ్డిస్తాను. ఏం మనిషిని!" కాసేపు సెంట్రింగు కర్రను పట్టుకుని నిలబడ్డారు. తర్వాత ఉన్నట్టుండి నా చేతులు రెండూ పట్టుకుని గాల్లో బోర్లించారు.

"చేతులు ఒళ్లో కాదు. ఆకు మీద! ఇలా పెట్టుకుని ధ్యానం చెయ్యమను. మా వైపు ఇలా పెట్టాక బ్రహ్మదేవుడు కూడా వడ్డించడు."

ధ్యానముద్రలు చాలా ఉన్నాయంటారు. ఇది మాత్రం మా కాలనీలో పుట్టింది.

తర్వాత పిలుపు తుర్కయంజాల్ దారిలో భూములున్న ఒక పెద్ద రైతు ఇంటి నుంచి వచ్చింది. స్లాబు పోసిన రోజు. అక్కడ ఆకుల్లేవు, స్టీలు పళ్లేలు. బగార అన్నం, మటన్. వడ్డించేది ఇంటాయన తల్లి. నాయన పళ్లెం మీద చేతులు బోర్లించి కళ్లు మూశాడు. మాస్టారు చెప్పింది వాళ్ల వైపు సంగతి. ఈ పెద్దమ్మకు ఆ ఒప్పందం తెలియదు. గరిటె పట్టుకుని నడుం మీద చెయ్యి వేసింది.

"ఏంది తమ్మీ, చేతులడ్డం పెట్టినవ్? నా కూర పాడైందా?"

"లేదక్కా. జర ఆగు. అడుగుతున్న."

"ఎవల్ని?"

"కడుపును."

బంతంతా నమలడం ఆపింది. నేను తల దించుకున్నాను. ఇక దుకాణం మూసుకోవచ్చనుకున్నాను.

"ఏమంటున్నదీ?" అంది పెద్దమ్మ, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

నాయన కళ్లు తెరవలేదు. చాలాసేపటికి, "రెండు ముద్దలు సాలంటున్నదక్కా," అన్నాడు.

"గంతేనా? నా కడుపు ఎన్నడు గట్ల చెప్పలే." ఆమె ఒక చిన్న గరిటెడు వేసి, బంతివైపు తిరిగి గట్టిగా చెప్పింది: "గీ బట్టలాయిన కడుపును అడిగి తింటడు. ఎవలు జోలికి పోకుండ్రి."

అంతే. మా కాలనీలో ఏ మాటైనా ఇసుక లారీకన్నా ముందు చేరుతుంది. తర్వాత ఎక్కడికి పోయినా నాయన చేతులు బోర్లిస్తే చాలు, వడ్డించేవాళ్లు ఆగి, "ఏమంటున్నదండీ?" "ఏమన్నదే?" అని ఎవరి భాషలో వాళ్లు అడిగేవారు. కొందరు ముసలివాళ్లయితే ఆయన కళ్లు తెరిచేదాకా తామూ తినేవారు కాదు. ఎవరికీ అవమానం కాలేదు. గిరాకీ తగ్గలేదు.

ఇక్కడిదాకా చెప్పింది చేతుల సంగతి. కళ్లు మూసుకోవడం వల్ల కూడా ఏమైనా జరిగిందా అంటే, నాకు తెలిసి ఒకసారి జరిగింది.

ఒక మధ్యాహ్నం దుకాణంలో ఈగలు తప్ప ఎవరూ లేరు. నాయన బయటికి పోయి కాగితంలో నాలుగు బజ్జీలు కట్టించుకుని వచ్చాడు. నన్ను చూసి కొంచెం సిగ్గుపడ్డాడు. గల్లాపెట్టె మీద పొట్లం పెట్టి, దాని మీద చేతులు బోర్లించి కళ్లు మూశాడు. నూనె కాగితంలోంచి మెల్లగా పైకొస్తోంది. నేను లోపల లెక్కపెట్టుకుంటున్నాను, ఇప్పుడు తింటాడు, ఇప్పుడు తింటాడు అని.

కళ్లు తెరిచి పొట్లం నావైపు తోశాడు.

"నువ్వు తిను. నాది ఆకలి కాదురా."

"నాలుకనా?"

"నాలుక గూడ కాదు." తెరవని చీరల కట్టలవైపు చూశాడు. "పొద్దుగాల సంది ఒక్కడు రాలే. ఊకె కూసుంటే గుబులైతది. గా గుబులుకు తింటున్న, గంతే. గిన్నేండ్లు ఎరుకనే లేదు."

అది చాలా పెద్ద మాట. నేను నాలుగు బజ్జీలూ తింటూ దాని గురించి ఆలోచించాను. చల్లారితే బాగుండవు.

ఆ తర్వాత గిరాకీ లేని మధ్యాహ్నాలు ఆయన బయటికి పోవడం తగ్గింది. గుబులు పుట్టినప్పుడల్లా చీరలన్నీ దించి మళ్లీ మడతపెట్టేవాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో అంత చక్కగా మడతపెట్టిన దుకాణం ఇంకోటి ఉండేది కాదు.

నెల తిరిగింది. డాక్టరు దగ్గరికి నలుగురం పోయాం, మాస్టారు కూడా వచ్చారు. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చుంది. నాయన కాలు బల్ల మీద పెట్టి, అలవాటుకొద్దీ కళ్లు మూసుకున్నాడు. డాక్టరు కట్టు విప్పాడు. విప్పుతూనే ఉన్నాడు. ఆ గుడ్డ మా దుకాణంలో ఏ తానుకన్నా పొడవుగా అనిపించింది.

"ఎండిపోయింది," అన్నాడు. కాగితం చూశాడు. కళ్లజోడు తియ్యలేదు. "షుగరు దిగింది. ఇగ వేలుకేం భయం లేదు."

నాయన ఒక కన్ను తెరిచాడు. "తియ్యరా సారు?"

"ఏం తియ్యాలె? కొత్త చర్మం వచ్చింది."

అమ్మ ఏడ్చింది. ఏడుస్తూనే నాయన భుజం మీద ఒక్కటి చరిచింది. నాయన వేలును పైకీ కిందికీ కదిపి చూసుకున్నాడు, మగ్గం పలక మీద ఉన్నట్టే. నా గుండెల మీదినుంచి ఎవరో సిమెంటు బస్తా దించినట్టయింది.

తర్వాత ఘనత పంపకాలు మొదలయ్యాయి. ధ్యానం, అన్నారు మాస్టారు. కాకరకాయ, మెంతులు, అంది అమ్మ. తుర్కయంజాల్ పెద్దమ్మ, అన్నాడు నాయన. మాత్రలు, అన్నాడు డాక్టరు, కాస్త నొచ్చుకుంటూ. "తిండి తగ్గింది, అదే అసలు సంగతి. ఎట్ల తగ్గించినా నాకు మంచిదే. ఇడువకుండ్రి."

మేం లేచాం. నాయన ఠీవిగా, లోకాన్ని జయించినవాడిలా, గడప దగ్గర విప్పిన చెప్పుల్లో కాళ్లు దూర్చబోయాడు. డాక్టరు బల్ల వెనకనుంచి తొంగిచూసి, "ఆగుండ్రి," అన్నాడు. వచ్చి, కుడి చెప్పు చేతిలోకి తీసుకుని, వేలు దూరే తోలు ముక్కను బొటనవేలితో నొక్కి చూశాడు. తిరగేశాడు.

"ఇది ఇంకా ఏసుకుంటున్నరా? అసలు పుండు చేసింది ఇదే. మళ్ల చేస్తది."

"తోలు గద సారు, సాగుతది..."

నాయన కాలు తొమ్మిదో నంబరు. ఆ చెప్పులు ఎనిమిది.